ఓహియో ఒడ్డున దొంగల గుహ

గోలకొండ అనగానే మనకు కోటగోడలు, వజ్రాల బేరం, కుతుబ్ షాహీల వైభవం మనస్సులో మెదులుతాయి. అదే పేరుగల ఊరు మరొకటి అమెరికా దేశంలో, ఇల్లినాయి రాష్ట్రపు దక్షిణపు కొసన, ఓహియో నది ఒడ్డున ఉన్నది. 1817లో అక్కడివారు తమ ఊరికి అంతకుముందున్న పేరును మార్చి మన దక్కను దుర్గం పేరు పెట్టుకున్నారు. వజ్రాల కథలు అంత దూరం ప్రయాణం చేశాయన్నమాట.

ఆ దేశానికి వెళ్ళినప్పుడు, ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని నేను చూడబోయినది ఆ ఊరినే. "మామయ్యగారూ, హైదరాబాదు నుంచి ఇంత దూరం గోలకొండ చూడటానికి వచ్చారా?" అని అతడు నవ్వాడు. నవ్వదగినదే. అక్కడ కోటా లేదు, కొండా లేదు. ఒక న్యాయస్థాన భవనం, నది పొంగి ఊరిమీద పడకుండా వేసిన వరదగట్టు, నాలుగు వీధులు. గంటలో చూడటం అయిపోయింది. "ఇక్కడికి ఎగువన ఇరవై మైళ్ళలో ఒక దొంగల గుహ ఉన్నది, చూస్తారా?" అన్నాడు మేనల్లుడు. నేను ఒప్పుకున్నాను. ఊరిపేరు చూసి వెళ్ళినవాడికి చివరకు దక్కినది ఆ గుహ.

దాని పేరు కేవ్-ఇన్-రాక్. రాతిలో గుహ అనే తప్ప అందులో వేరే అర్థమేమీ లేదు. 1739లో ఆ నదిమీద వచ్చిన ద లేరీ అనే ఫ్రెంచివాడు తన భాషలో పెట్టిన పేరుకు ఇది అనువాదం. నది ఒడ్డున నిలువుగా లేచిన సున్నపురాతి గట్టులో, నీటికి ఎదురుగా, యాభై అయిదు అడుగుల వెడల్పున నోరు తెరుచుకుని ఉంటుంది. పైనుంచి మెట్లు దిగి, ఒడ్డు వెంబడి కొంత నడిచి లోపలికి వెళ్ళాలి. వరదకాలంలో నీరు గుహలోకే వస్తుంది కాబట్టి అప్పుడు నడిచి వెళ్ళడం సాధ్యం కాదు. మేము వెళ్ళినప్పుడు నది తగ్గి ఉన్నది. నేల మీద ఒండ్రు ఆరి పెచ్చులు కట్టింది. లోపలికి పోయినకొద్దీ నేల కొంచెం ఎత్తు పెరుగుతుంది, కప్పు దిగుతుంది. వెనుక భాగంలో కప్పుకు ఒక రంధ్రం ఉండి, దానిగుండా ఆకాశం కనిపిస్తుంది. గోడలమీద తరతరాల యాత్రికులు తమ పేర్లు చెక్కి పోయారు. ఈ విషయంలో మన దేవాలయాల స్తంభాలకూ ఆ గుహకూ భేదం లేదు.

ఈ గుహ 1811, 1812 సంవత్సరాలలో వచ్చిన న్యూమాడ్రిడ్ భూకంపాలవల్ల ఏర్పడిందని చెప్పేవారు ఉన్నారు. ఆ భూకంపాలు చాలా పెద్దవే. కాని వాటికి డెబ్బై రెండేళ్ళ పూర్వమే ఒకరు ఈ గుహను చూసి పేరు పెట్టి పోయారు గనుక, భూకంపం దీనిని కొంత కదిపి ఉంటే ఉండవచ్చునే గాని పుట్టించి ఉండదు. సున్నపురాయిని తొలిచేది నీరు. ఆ పనికి అది తీసుకునే కాలం వేరు.

లోపల నిలబడి బయటికి చూస్తే ఈ చోటును దొంగలు ఎందుకు ఎన్నుకున్నారో చప్పున తెలుస్తుంది. నది ఎగువకూ దిగువకూ చాలా దూరం కనబడుతుంది. నదిమీద పోయేవాడికి మాత్రం గుహ నోరే కనిపిస్తుంది గాని, లోపల ఎవరున్నారో తెలియదు. అయితే చోటు ఒక్కటే చాలదు, కాలమూ కలిసిరావాలి.

పిట్స్‌బర్గు దగ్గర రెండు నదులు కలిసి ఓహియో అవుతుంది. అక్కడినుంచి 981 మైళ్ళు ప్రవహించి మిసిసిపీలో పడుతుంది. అమెరికా స్వతంత్రమైన తరువాత తూర్పు రాష్ట్రాలనుంచి పడమటికి వలసపోయే కుటుంబాలకు ఇదే రాజమార్గం. పండిన పంటకూ ఇదే దారి. 1795లో స్పెయిన్ దేశంతో కుదిరిన సంధివల్ల న్యూ ఆర్లియన్స్ రేవు అమెరికన్లకు తెరుచుకున్నది. దానితో పిండి, పందిమాంసం, సారాయి, పొగాకు నింపుకున్న పడవలు వరుసకట్టి దిగువకు సాగాయి. ఆ పడవలు మన గోదావరి పడవలవంటివి కావు. చదునైన అడుగు, నాలుగు పక్కలా పలకలు, పైన చిన్న గది ఉన్న పెట్టెలు అవి. ప్రవాహంతో దిగువకు పోవలసిందే గాని ఎదురు వెళ్ళలేవు. న్యూ ఆర్లియన్స్ చేరాక సరుకుతోపాటు పడవనుకూడా కలప కింద అమ్మివేసి, యజమాని నాచెజ్ దారి అనే అడవిబాటన వందల మైళ్ళు నడిచి ఇల్లు చేరేవాడు.

కథకు కీలకం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. పడవ బయలుదేరినవాడు తిరిగి రావడానికి నెలలు పట్టేది. రాకపోయినా, వరదలో పోయాడో, జ్వరంతో పోయాడో, కొత్తచోట స్థిరపడ్డాడో ఇంటివారికి తెలిసే దారి లేదు. అటువంటి మనిషి నడిమార్గంలో మాయమైతే అడిగేవారెవరు? పైగా ఉత్తరపు ఒడ్డు ఇంకా రాష్ట్రంకాని సమాఖ్య భూభాగం. దక్షిణపు ఒడ్డు 1792లో రాష్ట్రమైన కెంటకీ. మిసిసిపీ దాటితే స్పెయిన్ రాజ్యం. ఒక ఒడ్డున నేరం చేసి మరొక ఒడ్డుకు తెడ్డు వేస్తే అధికారి చేయి అక్కడికి సాగేది కాదు.

1797లో శామ్యూల్ మేసన్ ఈ గుహకు వచ్చాడు. ఇతడు పుట్టుదొంగ కాడు. వర్జీనియాలో 1739లో పుట్టాడు. అంటే ద లేరీ గుహను చూసిన సంవత్సరంలోనే. స్వాతంత్ర్య యుద్ధకాలంలో సరిహద్దు సేనలో కెప్టెనుగా పనిచేశాడు. 1777లో హెన్రీ కోట దగ్గర పొంచి ఉన్న ఆదివాసి యోధుల చేతిలో తన మనుషులు చాలామంది కూలిపోగా, గాయపడి బ్రతికి బయటపడ్డాడు. తరువాత పెన్సిల్వేనియాలో న్యాయాధికారిగా కూడా కూర్చున్నాడు. అటువంటివాడు అరవయ్యో పడికి చేరువవుతూ ఏటిదొంగల నాయకుడు ఎట్లా అయ్యాడు? అప్పులనే వారున్నారు, మొదటినుంచీ చేతివాటం ఉన్నదనే వారున్నారు. ఏది నిజమైనా, సరిహద్దు యుద్ధం నేర్పిన విద్యలు, అంటే పొంచి ఉండటం, మనుషులను కూడగట్టటం, జంకులేకుండా చంపటం, ఈ కొత్త వృత్తికి కొద్ది మార్పుతో పనికివచ్చాయి.

గుహకు చేరకముందు అతడు ఎగువన డైమండ్ ఐలండ్ అనే లంకలో మకాం వేశాడు. వజ్రాల దీవి, గోలకొండ, రెండూ ఒకే నదిమీద ఉండటం చూసి నేను క్షణం ఉబ్బిపోయిన మాట నిజం. ఆ రెండు పేర్లకూ సంబంధమేమీ లేదు.

గుహ దగ్గర పని జరిగే తీరు గురించి చెప్పే కథనాలు చాలావరకు కలుస్తాయి. ఒడ్డున సారాయి, విడిది, వినోదం దొరుకుతాయని ఒక బోర్డు వేలాడేది. అలసిన పడవవారు తమంతట తామే ఒడ్డుకు వచ్చేవారు. రానివారికోసం ఎగువన సరంగులమంటూ కొందరు నిలబడేవారు. దిగువన కొన్ని మైళ్ళలో హరికేన్ ఐలండ్ అనే లంక దగ్గర నది దారులు చిక్కుగా ఉండేవి గనుక, కొత్తవారికి దారి చూపే మనిషి అవసరం నిజంగానే ఉండేది. అట్లా ఎక్కిన సరంగు పడవను తిన్నగా గుహ కిందికి తెచ్చి ఆనించేవాడు. సరుకు దించుకున్న తరువాత అదే పడవలో ముఠా మనుషులు కొందరు వ్యాపారుల వేషంతో న్యూ ఆర్లియన్స్ వెళ్ళి సరుకు అమ్ముకుని వచ్చేవారు. ఎంతమంది హతులయ్యారో లెక్క కట్టినవారు లేరు. దొంగల పేర్లు మనకు తెలుసు. చచ్చినవారి పేర్లు చాలావరకు తెలియవు.

1799లో హార్ప్ సోదరులు మికాజా, వైలీ ఇక్కడికి వచ్చిచేరారు. మేసన్ సొమ్ముకోసం చంపేవాడు. వీరికి ఆ కారణంకూడా అక్కరలేదు. ఒక బందీని బట్టలూడదీసి గుర్రానికి కట్టి, గట్టుమీదనుంచి ఆ గుర్రాన్ని తోశారనీ, అది చూసి దొంగలే రోసి వారిని వెళ్ళగొట్టారనీ ఒక కథ. తరువాతివారు చెప్పిన మాట కాబట్టి దీనిని ఎంత నమ్మాలో మీ ఇష్టం. నేను ఆ గట్టుమీద నిలబడి కిందికి చూశాను. చూసిన తరువాత నమ్మకుండా ఉండటం కొంచెం కష్టమైంది. ఆ ఆగస్టులోనే పెద్ద హార్పును కెంటకీలో వెంటాడి చంపి, తల కోసి కూడలిలో పెట్టారు. ఆ బాటకు హార్ప్ తల బాట అనే పేరు నిలిచిపోయింది.

అదే సంవత్సరం కెంటకీ వాసులు దండుకట్టి నదీతీరపు దొంగలను తరమసాగారు. మేసన్ నాచెజ్ దారికి మకాం మార్చాడు. ఇది పారిపోవడమే, కాని తెలివైన పారిపోవడం. నదిమీద దిగువకు పోయేవాడి దగ్గర ఉండేది బరువైన సరుకు. అడవిబాటన తిరిగివచ్చేవాడి సంచిలో ఉండేది వెండి నాణేలు. 1803లో స్పెయిన్ అధికారులు అతణ్ణి పట్టుకుని న్యూమాడ్రిడ్‌లో విచారించారు. అతని సామానులో ఏడువేల డాలర్లూ, జుట్టుతో సహా ఒలిచిన ఇరవై మనుషుల తలచర్మాలూ దొరికాయి. తాను అమాయకపు సేద్యగాడినని అతడు వాదించాడు. విచారణ తరువాత అమెరికన్లకు అప్పగించడానికి తీసుకుపోతూ ఉండగా మళ్ళీ తప్పించుకున్నాడు.

కొద్ది నెలలకు ఇద్దరు మనుషులు మేసన్ తల పట్టుకుని బహుమానం అడగవచ్చారు. వారు అతణ్ణి చంపి తెచ్చారో, గాయంతో చచ్చినవాణ్ణి కోసి తెచ్చారో తేలలేదు. ఎదుట నిలిచినవారిలో ఒకడు చిన్న హార్పు అని చూచినవారు గుర్తుపట్టారు. బహుమానం దక్కలేదు. 1804 ఫిబ్రవరిలో ఇద్దరినీ ఉరితీశారు.

దీనితో నదిమీద దొంగతనం సమసిపోలేదు. 1820 ప్రాంతంలో స్టర్డివెంట్ ముఠా ఈ చుట్టుపక్కల దొంగ టంకసాల నడిపింది. కెంటకీ వైపు రేవు నడిపిన జేమ్స్ ఫోర్డ్ పగలు న్యాయాధికారి, గౌరవనీయుడు. అతని బల్లకట్టు దారిన వచ్చే బాటసారులు దోపిడీకి గురి అవుతూ ఉంటే వెనుక అతడే ఉన్నాడని చాలాకాలం ఎవరూ పైకి అనలేదు. 1833లో అతణ్ణి ఎవరో కాల్చి చంపారు. 1811లో మొదటి ఆవిరి ఓడ ఓహియోలో దిగిన తరువాత ప్రయాణం త్వరత్వరగా మారుతూ వచ్చింది. ఎదురీదగల ఓడ వచ్చాక, పోయినవాడు ఎప్పుడు తిరిగిరావాలో ఇంటివారికి తెలిసింది. ఏటిదొంగలను అణచినది ఉరికొయ్య కాదు, ఆవిరి యంత్రమని నేను అనుకుంటాను.

1924లో ఒట్టో రోథర్ట్ అనే చరిత్రకారుడు ఈ దొంగలమీద ఒక పెద్ద గ్రంథం వ్రాశాడు. 1929లో రాష్ట్ర ప్రభుత్వం గుహనూ చుట్టూ ఉన్న నేలనూ కొని ఉద్యానంగా చేసింది. 1962లో వచ్చిన ఒక భారీ చలనచిత్రంలో ఏటిదొంగల ఘట్టాన్ని ఈ గుహలోనే తీశారు. మేము వెళ్ళిననాడు ఒక తండ్రి తన పిల్లలిద్దరికీ మేసన్ కథ చెబుతున్నాడు. పిల్లలు దొంగలు, పడవవారు అని ఆట మొదలుపెట్టారు. ఇద్దరూ దొంగలే అవుతామన్నారు.

తిరుగుప్రయాణంలో మేనల్లుడు కారును నది దాటించి కెంటకీ ఒడ్డున మరొక రాతిని చూపించాడు. గోలకొండకు ఎదురుగా, నదికి కొంత లోపల, అడవిలో నూట ఎనభై అడుగులకు పైబడి సాగిన ఇసుకరాతి తోరణం అది. మాంటిల్ రాక్ అంటారు. దానికింద దాగినవారు దొంగలు కారు. 1830లో చేసిన ఒక చట్టాన్నీ, 1835లో కొద్దిమంది చేత సంతకం చేయించుకున్న ఒక ఒడంబడికనూ పట్టుకుని, ప్రభుత్వం చెరోకీ జాతివారిని స్వంత భూములనుంచి లేవగొట్టి పడమటికి నడిపించింది. 1838, 1839 సంవత్సరాల నడిమి చలికాలంలో వేలాదిమంది ఈ దారిన వచ్చారు. నదిలో మంచుగడ్డలు తేలుతూ ఉంటే బల్లకట్టు నడవలేదు. వారిలో కొందరు దాటే వీలు దొరికేవరకు ఈ రాతి చూరుకింద తలదాచుకున్నారు. ఆ మొత్తం ప్రయాణంలో చనిపోయినవారు సుమారు నాలుగువేలమందని అంచనా. ఇతరులదగ్గర డాలరులో ఎనిమిదోవంతు తీసుకునే రేవువాడు వారిని మనిషికి ఒక డాలరు అడిగాడని అక్కడ చెప్పుకుంటారు.

నది దాటిన తరువాత వారు మొదట అడుగుపెట్టిన ఊరు గోలకొండ. నేను పొద్దున ఒక గంటలో చూసి ముగించిన ఊరు అదే. మళ్ళీ అక్కడికి వెళ్ళి, ఆ వరదగట్టు ఎక్కి, రేవు ఉండిన తావు ఏదని మేనల్లుణ్ణి అడిగాను. చీకటి పడుతూ ఉన్నది. అతడు చేయి చాపి చూపించాడు. అక్కడ నీరు తప్ప ఏమీ కనబడలేదు.