పెద్ద క్రేను బండియు, చిన్న క్రేను బండియు

1916వ సంవత్సరమున అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రములో, చాటనూగా నగరసమీపమున, చికమాగా అను నేటిలో ఒక మోటారు కారు పడినది. అది ఫోర్డు కంపెనీవారి మాడల్ టి. ఆ కాలపు కార్లలో తేలికయైన వానిలో నొకటి. అయినను దానిని గట్టెక్కించుటకు ఎర్నెస్టు హోమ్స్ అను కార్ఖానాదారునకు ఆరుగురు మనుష్యులు, మోకులు, దుంగలు, ఎనిమిది గంటల కాలము కావలసి వచ్చినవి. గుఱ్ఱము పడినచో లేపుటకు ఉపాయము లుండెను గాని, కారు పడినచో లేపుటకు లోకమింకను ఉపాయము నేర్వలేదు.

హోమ్స్ ఊరకుండలేదు. 1913 నాటి కాడిలాక్ కారొకటి తీసికొని, దానిపై మూడు స్తంభములు నిలిపి, కొసను గిలక కట్టి, గొలుసు వ్రేలాడదీసెను. నేడు మనము రహదారులపై చూచు క్రేను బండికి మూలరూపమిదియే. అట్టి యంత్రము అంగడిలో దొరకునది కాదు, ఉన్నదానితో కల్పించుకొనవలసినదే. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుదును. నా ప్రసంగమున దీనితో పని యున్నది.

ఆ తొలి యంత్రమున నొక లోపము బయటపడెను. బరువు నెత్తునప్పుడు ఎత్తెడి బండియే నిలుకడ తప్పుచుండెను. ఏతము తొక్కువారికి ఈ మర్మము చెప్పనక్కరలేదు: ఒక కొస దిగినచో రెండవ కొస లేవవలసినదే. అందుచేత హోమ్స్ తన బండికి ఇరుప్రక్కల నేలకానెడి కాళ్లను అమర్చెను. ఆయనకు పేటెంటు లభించెను. తరువాత ఆయన కంపెనీ పేరు జంటదూలముల పద్ధతికి మారుపేరైనది. ఒక దూలమును కుడికిని, రెండవదానిని ఎడమకును త్రిప్పవచ్చును. ఒకదాని త్రాటిని చెట్టుకో బండకో బిగించి, రెండవదానితో పల్లమున పడిన బండిని లాగవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యము డైమండ్ టి 969 అను మూడిరుసుల లారీలపై హోమ్స్ కంపెనీవారి ఈ జంటదూలములనే నిలిపి, చెడిన బండ్లను లాగించెను.

ఈ చరిత్ర నాకేల యనగా, నేను నమూనాలు చేయువాడను. పిల్ల లాడుకొను బొమ్మలు కావు. నిజమైన బండి కొలత లన్నిటిని ఒకే పాళ్లలో తగ్గించి చేయు నమూనాలు. నాకు ప్రియమైన పాలు ఇరువదియైదింట నొక పాలు. అమెరికాలో 1948లో నెలకొన్న ఏ.ఎం.టి. అను కంపెనీ 1958 నుండి ఈ పరిమాణమున కార్లను విడిభాగములుగా పెట్టెలలో పెట్టి అమ్మి, దీనికి ప్రచారము కలిగించెను. ఈ పాలులో నొక సౌకర్యము కలదు. నిజమైన బండిలోని అంగుళము చిన్న బండిలో ఇంచుమించు ఒక మిల్లీమీటరగును. లెక్కలు రానివాడు సయితము ఇందు తప్పిపోవుట కష్టము.

పెట్టెలో వచ్చిన భాగములతో తృప్తిపడరాదా యని మిత్రులు అడుగుదురు. పడవచ్చును. కాని ప్లాస్టికు భాగములను ఉక్కు అచ్చులలో పోసి చేయుదురు. కరగిన ప్లాస్టికు సన్నని సందులలోనికి పారదు గనుక రేకు మందముగా రావలయును. అచ్చు రెండు ముక్కలుగా విడివడవలయును గనుక లోనికి వంగిన గాడి రాదు. కావున పెట్టెలోని గిలకకు గాడి యుండదు, కొక్కెమునకు రంధ్రముండదు, త్రాడు సయితము గట్టి కడ్డీవలె వచ్చును. గాడిలేని గిలకపై త్రాడు నిలుచునా? అట్టి భాగములను పారవైచి, మొదటినుండి చేతితో చేసికొనుటను ఇంగ్లీషువారు స్క్రాచ్ బిల్డింగు అందురు.

ఈ విద్య ప్లాస్టికు కంటె చాల పాతది. ఫ్రాన్సుతో జరిగిన యుద్ధములలో ఇంగ్లండునకు చిక్కిన ఫ్రెంచివారిని నార్మన్ క్రాస్ అనుచోట 1797 మొదలు చెరపెట్టిరి. ఆ ఖైదీలు తమకు పెట్టిన మాంసములోని యెముకలను దాచుకొని, అరగదీసి, ఓడల నమూనాలు చేసి, చెర గుమ్మమునొద్ద అమ్ముకొనిరి. వానిలో కొన్నిటిని నేటికిని పీటర్‌బరో నగరపు మ్యూజియములో చూడవచ్చును. యంత్రములు లేవు, కొనదగిన భాగములు లేవు. ఓడలో పనిచేసిన చేతులు మాత్ర ముండెను. ఏ త్రాడు దేనిని లాగునో ఎరిగినవాడే దానిని సరిగా కట్టగలడు.

గిలక సంగతి కొంత విపులముగ చెప్పుదును. అర మిల్లీమీటరు మందముగల ప్లాస్టికు రేకునుండి మూడు బిళ్లలు కత్తిరింపవలయును. రెండు పెద్దవి, ఒకటి చిన్నది. చిన్నదానిని నడుమ నుంచి మూటిని అతికించినచో అంచున గాడి తానే యేర్పడును. కత్తిరించుటకు ముందే నడిబొడ్డున గురుతు పెట్టని వాని గిలక గుడ్డివాని నడకవలె తడబడుచు తిరుగును. ఇంతవరకు చేతిపని. గిలక యెంత పెద్దదిగా నుండవలె నన్నది బుద్ధిపని. ఉక్కుత్రాడు చిన్న గిలకపై మిక్కిలిగా వంగినచో లోపలి తీగ లొక్కొక్కటియే అలసి తెగును. కావున గిలక వ్యాసము త్రాటి వ్యాసమునకు అనేక రెట్లుండవలయును. అరంగుళపు త్రాడు చిన్న బండిలో అర మిల్లీమీటరు. దానికి మూడు మిల్లీమీటర్ల గిలక చేసినవాడు చూడముచ్చటగా చేసియుండవచ్చును. కాని మనుష్యుని చంపు యంత్రమును చేసినాడు.

త్రాటికి నూలు పనికిరాదు, నూగు లేచును. విద్యుత్తు తీగలోని సన్నని రాగి పోగులు తీసి, ఒకదాని చుట్టు ఆరింటిని పేనవలయును. పేనునప్పుడు పోగులు కుడివైపునకు ఎగబ్రాకినట్లుండ వలయును. ఉక్కుత్రాళ్లలో ఎక్కువభాగము అట్లే పేనబడును. నేను మొదట పేనిన గజము త్రాడు ఎడమకు తిరిగినది. ఎవరును కనిపెట్టలేదు. నేను మాత్రము పారవైచితిని. దూలము విషయమునను దెబ్బతింటిని. ప్లాస్టికు గొట్టములతో చేసి, త్రాటిని బిగుతుగా లాగి కట్టితిని. ఒక వేసవి గడచునప్పటికి దూలము వింటివలె వంగినది. తరువాత ఇత్తడి గొట్టములు టంకము పెట్టి అతికితిని.

1995లో చాటనూగాలో క్రేను బండ్లకు ప్రత్యేకముగ నొక మ్యూజియము తెరచిరి. అచట పనిలో ప్రాణములు కోల్పోయిన క్రేను బండివారి పేర్లతో నొక గోడ కలదు. ఇతరుల బండ్లను లాగబోయి రహదారి ప్రక్కను మరణించినవారు వారు.

నా జంటదూలముల బండి పూర్తియైన పిమ్మట విజయవాడ ఆటోనగరులో, చిరకాలము క్రేను బండి నడపిన యొక వృద్ధునకు చూపితిని. మెచ్చుకొనునని నా యాశ. ఆయన కళ్లజోడు సవరించుకొని, గిలకలను చూచెను, త్రాటిని చూచెను, ప్రక్కకు త్రిప్పియున్న దూలమును చూచి ముఖము చిట్లించెను.

“బాబూ, ఈ బండి తిరగబడుద్ది. కాళ్లేవీ?”

కాళ్లు చేసితినిగాని, అందము చెడునని పైకి మడచి అతికించితిని. ఆ మాట చెప్పితిని.

“అందం చూసుకునే మావోడొకడు పోయాడు. కాళ్లు దించాలి. దించితే చాలదు, కింద చెక్క పెట్టాలి. మెత్తటి నేలైతే దిగబడిపోతయ్.”

నూరేండ్ల క్రిందట హోమ్స్ కనిపెట్టిన లోపమునే నేను మూరెడు లేని బండిలో మరల చేసియుంటినని అప్పుడు తెలిసినది. ఇంటికి వచ్చి పాత కాళ్లను కోసివైచితిని. రెండు మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టములో సన్నని గొట్టము జారునట్లు చేసి, కొలతకు తగినట్లు చీల పెట్టుటకు రంధ్రములు తొలిచితిని. ఐసుక్రీము పుల్లను చెక్కి రెండు పలకలు చేసి, మట్టిరంగు పూసి, కాళ్ల క్రింద నుంచితిని. మరుసటి వారము మరల తీసికొనిపోతిని. వృద్ధుడు బండిని బల్లపై పెట్టి, దూలము కొసను చిటికెనవ్రేలితో మెల్లగా క్రిందికి నొక్కెను. చక్రములు లేవలేదు. మరికొంచెము గట్టిగా నొక్కి చూచి, బండిని నా చేతికిచ్చెను.