సాన నుంచి బెల్ట్ గ్రైండర్ వరకు: కత్తి అంచు చరిత్ర

సికింద్రాబాదులో ఒక సంప్రదింపు తరగతిలో కోనసముద్రం ఉక్కు గురించి పాఠం ముగించాను. ఒక విద్యార్థి లేచి, "సార్, మా నాన్న కమ్మరి. లారీ కమాను పట్టీలతో కత్తులు చేస్తాం. డబ్బు ఎక్కువ లేదు. ఏ బెల్ట్ గ్రైండర్ కొనమంటారు?" అని అడిగాడు. తరగతి నవ్వింది. చరిత్ర చెప్పేవాణ్ణి అడగవలసిన ప్రశ్న కాదని వారి ఉద్దేశం. ఆ రోజు నేను ఉక్కు ఎలా పుట్టిందో చెప్పాను కాని, ఆ ఉక్కుకు అంచు ఎలా వచ్చిందో చెప్పనేలేదు. అతని ప్రశ్న ఆ లోపాన్ని పట్టుకుంది. ఈ పాఠ్యభాగంలో ఆ లోపాన్ని పూరించే ప్రయత్నం చేస్తాను.

ఉక్కుకు ఆధారాలు ఎక్కువ, అంచుకు తక్కువ

నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. ఐరోపావారు 'ఊట్జ్' అని పిలిచింది ఇటువంటి ఉక్కునే. ఆ పేరు మన దక్షిణాది భాషల 'ఉక్కు' నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ పరిశ్రమను చూసి రాసిన వర్ణన, ఆయన మరణించిన తరువాత, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈ ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుణ్ణి గురించి ఆయన అందులో ప్రస్తావించాడు. 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి భారతీయ ఉక్కుపై ఒక పత్రం సమర్పించాడు. ఆ తరువాత కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్, మైకేల్ ఫారడే కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేశారు.

ఇంత రాత మిగిలింది. మూస పెంకులు, చిట్టెం దిబ్బలు నేలలో మిగిలాయి. కాని ఉక్కు ముద్ద కత్తి కాదు. సాగగొట్టాలి, అరగదీయాలి, నునుపు చేయాలి. ఊట్జ్ కత్తుల మీద నీటి అలల వంటి చారలకు ప్రపంచమంతటా పేరు వచ్చింది. ఆ చారలు సుత్తి దెబ్బలతో కంటికి కనిపించవు. సాన పట్టి, నునుపు చేసి, ఆమ్లగుణమున్న ద్రావణం పూస్తేనే బయటపడతాయి. ఆ సాన పట్టినవారు ఆధారాలలో అంతగా కనిపించరు. కారణం వారి సాధనంలోనే ఉంది.

లక్క, కురువిందం

మన దేశంలో సాన చక్రాన్ని చాలాచోట్ల కురువిందం పొడిని కరిగించిన లక్కలో కలిపి, బిళ్ళగా పోసి చేసేవారు. కురువిందం వజ్రమంత కాకపోయినా చాలా గట్టి రాయి, ఖమ్మం ప్రాంతంలోనూ దొరుకుతుంది. ఇంగ్లీషులోని 'కొరండం' అనే మాట మన దక్షిణాది భాషల నుంచే అక్కడికి వెళ్ళింది. 1798లో చార్లెస్ గ్రెవిల్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ రాయి గురించి ప్రత్యేకంగా రాశాడు. చక్రాన్ని కొయ్య ఇరుసుకు బిగించి, ఇరుసు చుట్టూ తోలుపట్టీ చుట్టేవారు. ఒకరు పట్టీ రెండు కొసలనూ మార్చి మార్చి లాగుతుంటే చక్రం ముందుకూ వెనక్కూ తిరిగేది. రెండోవారు కత్తి ఆనించేవారు. లాగే మనిషి తరచుగా ఇంట్లోవారే, అంటే కూలి లెక్కకు రానివారు. అరిగిన చక్రాన్ని కరిగించి, కొత్త పొడి కలిపి మళ్ళీ పోసుకోవచ్చు. అందుకే తవ్వకాల్లో మూసలు దొరికినట్లు సాన చక్రాలు దొరకవు. మాట మిగిలింది, వస్తువు మిగలలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. లక్క సుమారు 80 డిగ్రీల సెల్సియస్ లోపే మెత్తబడుతుంది. కార్బన్ ఉక్కు పదును చెడడానికి అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. 200 డిగ్రీల దగ్గర లేత పసుపు రంగు, 300 దగ్గర నీలం రంగు వస్తాయి. నీలం వచ్చిన అంచు మెత్తబడినట్లే. కనుక సాన మీద బలంగా అదిమితే కత్తి కంటే ముందు చక్రమే చెడేది. పనివాణ్ణి సాధనమే అదుపులో ఉంచిందని నా అభిప్రాయం.

షెఫీల్డ్ చెల్లించిన ధర

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో నీటి చక్రాలు, ఆ తరువాత ఆవిరి యంత్రాలు పెద్ద పెద్ద ఇసుకరాతి చక్రాలను తిప్పాయి. వేగం పెరిగింది, దానితో దుమ్మూ పెరిగింది. పొడిగా అరగదీసే కార్మికుల సగటు ఆయువు 35 ఏళ్ళకు మించదని, తడిగా అరగదీసేవారిది 45 దాటదని అక్కడి వైద్యుడు నైట్ చెప్పిన మాటను ఎంగెల్స్ 1845 నాటి తన గ్రంథంలో ఉదాహరించాడు. తేడా అల్లా రాతిమీద పడే నీళ్ళే. పారిశ్రామిక విప్లవం గురించి పరీక్షలో రాసేటప్పుడు ఉత్పత్తి అంకెలతోపాటు ఈ రెండు అంకెలనూ గుర్తుంచుకోండి.

1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో కార్బొరండం తయారుచేశాడు. గనిలో తవ్వవలసిన రాపిడి పొడి కర్మాగారంలో తయారు కాసాగింది. మన దగ్గర 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ ఏర్పడింది. గుడ్డ పట్టీపై ఆ పొడిని జిగురుతో అంటించి, మోటారు కప్పీల మీద తిప్పితే అదే బెల్ట్ గ్రైండర్. వీధుల్లో సైకిలును స్టాండు మీద నిలిపి, పెడలు తొక్కుతూ కత్తులకు సాన పట్టేవారు ఈ రెండు యుగాలకూ మధ్యవారు.

ఆ విద్యార్థికి చెప్పిన జవాబు

మోటారుకు లక్కలాంటి అదుపు లేదు. ఆ అదుపును మనమే కొనుక్కోవాలి, అదీ తక్కువ డబ్బుతో. మన 50 హెర్ట్జ్ కరెంటుపై నాలుగు పోళ్ళ మోటారు నిమిషానికి సుమారు 1440 సార్లు తిరుగుతుంది. దానికి 100 మిల్లీమీటర్ల కప్పీ వేస్తే బెల్టు సెకనుకు దాదాపు 7.5 మీటర్లు పరుగెడుతుంది. రెండు పోళ్ళ మోటారైతే 15 మీటర్లు. పెద్ద వేగం చూసి మురిసిపోతే అంచు నీలమవుతుంది. వేగం మార్చే పరికరం ఖరీదైనది, తరువాత కొనవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు నాలుగు పోళ్ళ మోటారుతో మొదలుపెట్టడమే మేలు.

బెల్టు పొడవు సంగతి ఇంకా ముఖ్యం. చవకగా వచ్చే చిన్న యంత్రాలకు 1 అంగుళం వెడల్పు, 30 అంగుళాల పొడవు గల బెల్టు పడుతుంది. కత్తులు చేసేవారు ఎక్కువగా వాడేది 2 అంగుళాలు, 72 అంగుళాలది. రాపిడి ఉపరితలం దాదాపు అయిదింతలు. పైన చెప్పిన వేగంలో చిన్న బెల్టు సెకనుకు సుమారు పదిసార్లు కత్తిని తాకి వస్తే, పెద్దది నాలుగుసార్లు వస్తుంది. చల్లారడానికి వ్యవధి, అరిగేదాకా ఆయువు రెండూ ఎక్కువ. యంత్రాన్ని ఒక్కసారే కొంటాం, బెల్టులు జీవితమంతా కొంటాం. రాణిగంజ్ దుకాణాల్లో మోటారు, బేరింగులు, కప్పీలు విడివిడిగా దొరుకుతాయి. చట్రాన్ని తెలిసిన వెల్డింగు పనివాడి చేత చేయించుకోవచ్చని చెప్పాను. తిరిగే భాగాలకు కవచం, ముక్కుకు మంచి మాస్కు, పక్కన నీళ్ళ తొట్టి ఖర్చులో తగ్గించకూడనివి. షెఫీల్డ్ పాఠం అదే.

"అప్పు చేయనా సార్?" అన్నాడు. వద్దన్నాను. కత్తి ఆకారం ఆకురాయితోనూ వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. మొదటి పది కత్తులూ ఆకురాయితో చేసి, అవి అమ్ముడుపోతాయో లేదో చూడమన్నాను. అతని ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది. మళ్ళీ తరగతికి వచ్చినప్పుడు మాత్రం పాత గోనెసంచిలో చుట్టి ఒక కొడవలి తెచ్చాడు. తాత సాన మీద పట్టిందట. అంచుపై ఎక్కడా నీలం లేదు.

అభ్యాసం: మీ ప్రాంతంలో చేతి సానను గాని, సైకిలు సానను గాని చూసిన ఒక పెద్దవారిని కలవండి. చక్రాన్ని దేనితో చేసేవారు, ఎవరు తిప్పేవారు, తిప్పినవారికి ఏమి ఇచ్చేవారు అనే విషయాలు అడిగి, వారి మాటల్లోనే ఒక పేజీ రాయండి.