కంప్యూటర్ ఆన్ కాకపోతే ఫైళ్లు పోయినట్టేనా?

2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గరే ఆగిపోయాయి. హైదరాబాద్ సహా పలు విమానాశ్రయాల్లో సిబ్బంది బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంత గందరగోళంలోనూ ఆ కంప్యూటర్లలోని ఫైళ్లకు ఏమీ కాలేదు. తప్పుడు ఫైల్ ఒక్కదాన్ని తొలగించడమే అప్పట్లో సూచించిన పరిష్కారం.

విండోస్ తెరుచుకోకపోవడం వేరు, డిస్కులోని సమాచారం చెరిగిపోవడం వేరు. ఫొటోలు, పత్రాలు చాలాసార్లు పోయేది ఆ తర్వాతే, కంగారులో ఫార్మాట్ చేయించినప్పుడు. 'సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, డి డ్రైవ్ జోలికి వెళ్లం' అని రిపేరు షాపులో చెప్పే మాట భరోసాగానే వినిపిస్తుంది. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లోనే. అందుకే ఫైళ్లు బయటికి తీశాకే మరమ్మతు.

పాతతరం హార్డ్ డిస్కు నుంచి టకటకమని శబ్దం వస్తుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకూడదు. అది యాంత్రిక లోపానికి సూచన. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరగవచ్చు. ఆ పని డేటా రికవరీ నిపుణులకు వదిలేయడమే మేలు.

డిస్కు బాగుంటే మొదటి దారి విండోస్‌లోనే ఉంది. వరుసగా రెండు మూడుసార్లు తెరుచుకోవడంలో విఫలమైతే సాధారణంగా రికవరీ తెర దానంతటదే వస్తుంది. అందులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నోట్‌ప్యాడ్' అని టైప్ చేస్తే చాలు. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే డిస్కులోని ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. అక్కడి నుంచే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. అయితే ఇక్కడ సి డ్రైవ్ వేరే అక్షరంతో కనిపించవచ్చు. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపే గీత కూడా ఉండదు. తెర బిగుసుకుపోయినట్టున్నా ఓపిక పట్టాలి.

అది కుదరకపోతే వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్‌పై ఉబుంటు ఎక్కించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి చెరిగిపోతాయి. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ కీ నొక్కి దాని నుంచి కంప్యూటర్‌ను ఆన్ చేయాలి. అప్పుడు 'ట్రై' ఎంచుకోవాలి. పొరపాటున 'ఇన్‌స్టాల్' వైపు వెళ్తే ఏ డేటా కోసం ఇంత శ్రమపడ్డారో అదే పోయే ప్రమాదం ఉంది. డిస్కును ఊడదీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి మరో కంప్యూటర్‌కు తగిలించడం మూడో మార్గం. స్టోరేజీని మదర్‌బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లలో ఇది సాధ్యం కాదు.

ఈ మూడు దారుల్లోనూ అడ్డొచ్చేది బిట్‌లాకర్. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఎంతటి నిపుణుడైనా చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. క్రౌడ్‌స్ట్రైక్ ఘటనలో ఎన్నో సంస్థల పని ఆలస్యం కావడానికి ఈ కీల కోసం వెతుకులాట ఒక కారణం. విండోస్ 11 24హెచ్2ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా కంప్యూటర్లలో యజమాని ప్రత్యేకంగా కోరకుండానే ఈ తాళం పడుతుంది. కీ సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ విభాగం దగ్గర ఉండాలి. షాపువాళ్లు వాళ్ల ఈమెయిల్‌తో విండోస్ సెట్ చేసి ఇస్తే కీ కూడా ఆ ఖాతాలోకే వెళ్లవచ్చు. కంప్యూటర్ బాగున్నప్పుడే ఖాతాలోకి వెళ్లి ఆ అంకెలు కాగితం మీద రాసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఫార్మాట్ అయిపోయాక పాత హార్డ్ డిస్కు నుంచి కొన్ని ఫైళ్లనైనా రాబట్టే అవకాశం ఉంది. ఎస్ఎస్‌డీలో మాత్రం ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన చోటును వెంటనే తుడిచేస్తుంది కాబట్టి ఆశ తక్కువ.

తెలుగు డీటీపీ పని చేసేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు, పెళ్లిపత్రికలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఫైళ్లతోపాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకున్నాకే కంప్యూటర్‌ను రిపేరుకివ్వాలి.