పాత నాణెం – షరాబు పరీక్ష

జగ్గయ్యపేటలోని బౌద్ధ స్తూపం దిబ్బను మన పెద్దలు ధనంబోడు అనేవారు. పేరులో ధనం ఉన్నా, 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధనలో వెలుగు చూసిన సంపద అంతా రాతిలోనే ఉన్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలిపినట్లు అక్కడి శాసనం చెబుతున్నది. అయినా లంకెబిందెల ఆశ జనానికి పోలేదు. ఆ ఆశను సొమ్ము చేసుకునేవారూ తక్కువ కాదు.

మన సంఘ సభ్యులొకరు నిరుడు తీర్థయాత్రకు వెళ్లి, దారిలో ఒకని వద్ద రెండువేల రూపాయలకు ఒక వెండి నాణెం కొన్నారు. ఒకవైపు రాజు తల, రెండోవైపు కొండ గుర్తు, ఉజ్జయినీ చిహ్నం ఉన్నాయి. శాతవాహన రాజు పులుమావిదని, పొలం దున్నుతుంటే దొరికిందని అమ్మినవాడు చెప్పాడట. "ఏమండీ, మీరు ట్రెజరీలో పనిచేశారు గదా, ఒకసారి చూసి చెప్పండి. అమెరికా వెళ్తున్న మనవడికి ఇద్దామనుకుంటున్నాను" అన్నారాయన.

ట్రెజరీలో నాణేలు చూసే ఉద్యోగిని షరాబు అనేవారని మన పాతతరం వారికి తెలుసు. ఇది చాలా పాత వృత్తి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ పని చేసే అధికారికి రూపదర్శకుడని పేరు. మన ప్రాంతం నిజాం రాజ్యానికి సరిహద్దు గనుక ఇక్కడి షరాబులకు కల్దారు రూపాయితోపాటు హాలీ సిక్కా కూడా తెలిసి ఉండాలి. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దారు రూపాయలు మారకం. ఇక వెండి రూపాయిలో 1940 నుండి వెండి సగానికి తగ్గింది. 1947లో అసలు వెండే లేని నికెల్ రూపాయి వచ్చింది. నేను కొత్తగా చేరినప్పుడు మా వృద్ధ షరాబు ఒక మాట చెప్పేవారు: "బొమ్మను చివర చూడు నాయనా, ముందు తూకం చూడు, తర్వాత అంచు చూడు." ఆ వరుసలోనే ఈ నాణేన్నీ పరీక్షించాను.

శాతవాహనుల బొమ్మ వెండి నాణేలు సుమారు రెండు గ్రాములు తూగుతాయి. కంసాలి త్రాసులో ఇది 3.12 గ్రాములు తూగింది. దారంతో కట్టి నీటిలో ముంచి తూచితే 0.40 గ్రాము తగ్గింది. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే 7.8 వస్తుంది. వెండికి ఇది 10.5, రాగికి సుమారు 8.9. వెండిలో రాగి ఎంత కలిపినా 8.9 కంటే దిగదు. కనుక ఇది తగరమో జింకో ఎక్కువగా కలిసిన తెల్లలోహం అయివుండాలి.

తర్వాత భూతద్దంతో అంచు చూశాను. చుట్టూ సన్నని గీత, దానిని ఆకురాయితో రాసిన జాడ కనిపించాయి. రెండు భాగాల అచ్చులో పోసిన వస్తువుకు అలాంటి గీత వస్తుంది. ఈ నాణేలు పోతపోసినవి కావు, ముద్రతో కొట్టినవి. అయితే పోత కనబడగానే ప్రతి నాణేన్నీ నకిలీ అనరాదు. మెదక్ ప్రాంతపు కొండాపూర్ తవ్వకాలలో నాణేలు పోసిన మట్టి అచ్చులు దొరికాయి. అక్షరాలు ఒకదానిపై ఒకటి పడినంత మాత్రాన కూడా తీసిపారేయరాదు. 1906లో నాసిక్ వద్ద జోగల్‌తెంబిలో దొరికిన 13 వేల పైచిలుకు నహపాణుని వెండి నాణేలలో 9 వేలకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించినవే. అందుచేత ఒక్క లక్షణంతో తీర్పు చెప్పకూడదు.

సందేహం పూర్తిగా తీర్చినది మరొక నాణెం. అదే యాత్రలో ఇంకొక సభ్యుడు కూడా ఒకటి కొన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రాజు గడ్డం కింద అదే చోట అదే నొక్కు, అంచున అదే విరుపు. ఒకే ముద్రతో కొట్టిన నాణేలకు బొమ్మ ఒకటే కావచ్చు గాని, వందల ఏళ్లు చేతులు మారి తగిలిన దెబ్బలు ఒకటే కావు. ఒక నాణెం నుండి అచ్చు తీసి రెండూ పోశారన్నమాట.

మిత్రుడు కాసేపు మౌనంగా ఉండి, "అసలుదే అయితే మనవడికి ఇచ్చి పంపేవాణ్ణి గదా" అన్నారు. అసలుదైతే అదీ కుదరదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని మనం దేశం దాటించరాదు. పిల్లవాడు విమానాశ్రయంలో చిక్కుల్లో పడేవాడు. పొలంలో పది రూపాయల విలువకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. కాబట్టి "దున్నుతుంటే దొరికింది" అనే మాట వినగానే కొనకుండా పక్కకు తప్పుకోవడమే మేలు.

సభ్యులకు నా మనవి. మీ ఇళ్లలో పాత నాణేలుంటే చింతపండుతో తోమకండి. వాటి మీది పొర కూడా సాక్ష్యమే. తూకం రాసిపెట్టుకొని పురావస్తుశాఖ వారికి చూపండి.

మిత్రుడు చివరకు తన తండ్రి దాచిన 1947 నాటి నికెల్ రూపాయిని మనవడికి ఇచ్చారు. అది ఎవరి సంపాదనో, ఏ పనికి వచ్చిన జీతమో కాగితం మీద రాసి దానితోపాటు ఇచ్చారు.