డొమైన్ పేర్ల విధానంలో ప్రజల మాట: సంఖ్యకు ఉన్న బలమెంత?

డాట్ ఆర్గ్ పేర్ల ధరపై ఉన్న పరిమితిని ఎత్తివేసే ఒప్పందం ముసాయిదాపై, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐక్యాన్ సంస్థ 2019 మార్చి 18 నుంచి ఏప్రిల్ 29 వరకు ప్రజాభిప్రాయం కోరింది. 3 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. దాదాపు అన్నీ వద్దన్నవే. జూన్ 30న ఒప్పందం పరిమితి లేకుండానే ఖరారైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2015లో, డొమైన్ యజమానుల వివరాల గోప్యతను తగ్గించే ఒక ప్రతిపాదనకు కూడా వేల సంఖ్యలో అభ్యంతరాలు వచ్చాయి. ఆ ప్రతిపాదన మాత్రం తుది నివేదికకు చేరలేదు. సంస్థ ఒకటే, అభిప్రాయ సేకరణ పద్ధతి ఒకటే, ఫలితాలు వేరు.

ఈ తేడాకు కారణాలేమిటో ప్రజల ముందున్న రికార్డుల ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం పని. ఐదు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తాత్కాలిక నిర్ధారణకు రావచ్చు: ఎంతమంది రాశారన్న దానికంటే, ఆ మాట ఏ దశలో చేరింది, దానికి లిఖితపూర్వకంగా జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది అన్నవే ఫలితంపై ఎక్కువ ప్రభావం చూపినట్టు కనిపిస్తోంది.

నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయి

వెబ్ చిరునామాలో చివరి చుక్క తర్వాత వచ్చే కామ్, ఆర్గ్, ఇన్ వంటి భాగాలను టాప్ లెవెల్ డొమైన్లు అంటారు. వాటన్నిటి మూల జాబితా పేరు రూట్ జోన్. 1998 వరకు ఆ జాబితా నిర్వహణ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ పోస్టెల్ ఆధ్వర్యంలో, అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు కింద సాగింది. ఆ ఏడాది సెప్టెంబరులో లాభాపేక్ష లేని సంస్థగా ఐక్యాన్ కాలిఫోర్నియాలో నమోదైంది. రూట్ జోన్ వ్యవహారాలపై అమెరికా వాణిజ్య శాఖ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. ఆ తర్వాత జరిగిన మొదటి ఐక్యాన్ మహాసభకు హైదరాబాదు వేదికైంది. జికా వైరస్ భయం వల్ల ప్యూర్టోరికో నుంచి మార్చిన ఆ సభ 2016 నవంబరు 3 నుంచి 9 వరకు జరిగింది. 3 వేల మందికి పైగా హాజరయ్యారు.

ఐక్యాన్‌లో నిర్ణయాలు కనీసం మూడు దారుల్లో నడుస్తాయి. మొదటిది విధాన రూపకల్పన: వివిధ వర్గాల ప్రతినిధులున్న వర్కింగ్ గ్రూపు నివేదిక రాస్తుంది, సంబంధిత కౌన్సిల్ ఆమోదిస్తుంది, పాలకమండలి తుది ముద్ర వేస్తుంది. రెండోది ఒప్పందాలు: ఒక టాప్ లెవెల్ డొమైన్‌ను నడిపే రిజిస్ట్రీతో ఐక్యాన్ సిబ్బంది నేరుగా మాట్లాడి షరతులు కుదుర్చుకుంటారు. మూడోది సాంకేతిక నియమాలు: ఏ లిపిలో ఏ అక్షరాలను అనుమతించాలో నిపుణుల బృందాలు తేలుస్తాయి. మూడింటిలోనూ ముసాయిదా ప్రజల ముందుకు వస్తుంది. సాధారణంగా 40 రోజుల గడువు ఉంటుంది. బయటినుంచి చూసేవారికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం వచ్చిన మాటకు దక్కే స్థానం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ఓటు వేసిన ఏడాది: 2000

ప్రజల పాత్రకు అత్యంత సూటి రూపం ఎన్నిక. ఐక్యాన్ దాన్ని ఒక్కసారే ప్రయత్నించింది. 2000 అక్టోబరులో ఐదు భూభాగాల నుంచి ఐదుగురు డైరెక్టర్లను ఆన్‌లైన్ ఓటుతో ఎన్నుకున్నారు. సుమారు 1,58,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. సభ్యత్వాన్ని ఖరారు చేసుకున్నవారు 76,183 మంది. ఓటు వేసినవారు 34,035 మంది. నమోదుకూ ఖరారుకూ మధ్య ఇంత ఎడం రావడానికి ఒక కారణం పద్ధతిలోనే ఉంది: రహస్య సంఖ్యను తపాలాలో కాగితం మీద పంపారు, అది అందాకే సభ్యత్వం ఖరారయ్యేది.

ప్రాంతాల లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. మొత్తం ఓట్లలో సగానికి పైగా ఆసియా పసిఫిక్ ప్రాంతానివే. ఆఫ్రికా ఖండమంతటా పోలైనవి 130 ఓట్లు. ఇంటర్నెట్ అప్పటికి ఎక్కడ ఎంత పాకిందో, ఏ దేశంలో ప్రచారం ఎంత గట్టిగా జరిగిందో ఆ అంకెలు చెబుతాయి. ప్రపంచ ఇంటర్నెట్ వాడకందారుల అభిప్రాయానికి అవి అద్దం పట్టాయని చెప్పడం కష్టం. మరోవైపు, ఓటుతో వచ్చిన పదవి అధికారాన్ని దానంతటదే తెచ్చిపెట్టలేదు. ఉత్తర అమెరికా నుంచి గెలిచిన కార్ల్ ఔర్‌బాక్ సంస్థ రికార్డులు చూడటానికి కోర్టుకెళ్లాల్సి వచ్చింది. 2002 జూలైలో లాస్ ఏంజెలెస్ కోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది.

అదే ఏడాది సంస్కరణల్లో నేరుగా ఎన్నుకునే విధానం రద్దయింది. దాని స్థానంలో 15 మంది సభ్యుల సలహా సంఘం వచ్చింది. పది మందిని ప్రాంతీయ సంస్థలు ఎంపిక చేస్తాయి, ఐదుగురిని నామినేటింగ్ కమిటీ నియమిస్తుంది. 2010 నుంచి సాధారణ వాడకందారుల తరఫున ఓటు హక్కున్న ఒక డైరెక్టరు పాలకమండలిలో ఉంటున్నారు. ఐదు స్థానాలతో మొదలైంది ఒక స్థానానికి తగ్గింది. ప్రాతినిధ్యం కుంచించుకుపోయిందని కొందరు, 130 ఓట్లతో ఒక ఖండం ప్రతినిధిని ఎన్నుకోవడం కంటే ఇదే నయమని మరికొందరు అంటారు. ఉన్న ఆధారాలతో ఏ వాదననూ పూర్తిగా కొట్టేయలేం.

రెండు వెల్లువలు, రెండు ఫలితాలు

2015 ఉదంతానికి వద్దాం. డొమైన్ కొన్నవారి పేరు, చిరునామా బయటికి తెలియకుండా తమ వివరాలు ఉంచే సేవలను ప్రైవసీ, ప్రాక్సీ సేవలంటారు. వాటికి గుర్తింపు నిబంధనలు రాస్తున్న వర్కింగ్ గ్రూపులో కొందరు ఒక ప్రతిపాదన తెచ్చారు: ఆన్‌లైన్‌లో డబ్బు లావాదేవీలు జరిపే వాణిజ్య సైట్లకు ఆ సేవలు అందకూడదు. సంతకాల పిటిషన్‌తో కలిపి 20 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. ఇంటినుంచి చిన్న వ్యాపారం చేసేవారి, వేధింపులు ఎదుర్కొంటున్నవారి భద్రత చాలా లేఖల్లో కనిపించిన ఆందోళన. డిసెంబరులో వచ్చిన తుది నివేదికలో ఆ నిషేధం లేదు.

దీన్ని ప్రజల విజయంగా చెప్పడం తేలిక. ఒక జాగ్రత్త అవసరం. ఆ విషయంపై గ్రూపు అప్పటికే చీలి ఉంది, ఏకాభిప్రాయం కుదరలేదు. స్పందనలు వాలుతున్న త్రాసును వంచాయా, లేక ప్రతిపాదన ఎలాగూ నిలిచేది కాదా అన్నది విడదీసి చెప్పడం సాధ్యం కాదు. అయినా ఒక సంగతి గమనించాలి. వచ్చిన వాదనలను అంశాలవారీగా సమీక్షించడం ఆ గ్రూపు పనిలో భాగం. ఏదైనా పక్కన పెడితే తమతో విభేదించే సభ్యుల ఎదుటే పెట్టాలి.

2019లో అలాంటి గ్రూపు లేదు. డాట్ ఆర్గ్‌ను నడిపే పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీతో ఐక్యాన్ సిబ్బంది ఒప్పందం పునరుద్ధరిస్తున్నారు. అప్పటిదాకా రిజిస్ట్రీ ధరను ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు. అప్పటి టోకు ధర 9.93 డాలర్లు. మిగతా కొత్త డొమైన్ల ఒప్పందాల్లో లేని పరిమితి దీనికెందుకన్నది ఐక్యాన్ వాదన. స్వచ్ఛంద సంస్థలు పేరు మార్చుకోలేవు, కాబట్టి పోటీ ఉందన్న వాదన వాటికి వర్తించదన్నది ఎదుటి వాదన. స్పందనల్లో చాలావరకు ఒకే నమూనా లేఖ ఆధారంగా వచ్చాయన్నది నిజమే. ఆ కారణంతో వాటిని తక్కువగా చూడొచ్చా అన్నది చర్చనీయం. నమూనా లేఖ కొత్త సమాచారం ఇవ్వకపోవచ్చు. పట్టించుకునేవారు ఎందరో మాత్రం చెబుతుంది.

కథ అక్కడితో ఆగలేదు. డొమైన్ పేర్లు అమ్మే నేమ్‌చీప్ అనే రిజిస్ట్రార్ సంస్థ ఈ నిర్ణయాన్ని స్వతంత్ర సమీక్షకు తీసుకెళ్లింది. 2022 డిసెంబరులో ప్యానెల్ ఇచ్చిన తీర్పు ధర పరిమితి మంచిదా చెడ్డదా అన్నదాన్ని తేల్చలేదు. నిర్ణయం తీసుకున్న తీరులో ఐక్యాన్ తన సొంత పారదర్శకత నియమాలను ఉల్లంఘించిందని చెప్పింది. వేల స్పందనలు అడ్డుకోలేకపోయిన నిర్ణయంలో జవాబుదారీ లోపాన్ని మూడున్నరేళ్ల తర్వాత ఒక్క ఫిర్యాదు బయటపెట్టింది.

డాట్ ఆర్గ్ అమ్మకం

2019 నవంబరు 13న ఇంకో కబురు వచ్చింది. ఆ రిజిస్ట్రీని దాని మాతృసంస్థ ఇంటర్నెట్ సొసైటీ నుంచి ఈథోస్ క్యాపిటల్ అనే ప్రైవేటు పెట్టుబడి సంస్థ 113.5 కోట్ల డాలర్లకు కొనబోతోంది. వందలాది స్వచ్ఛంద సంస్థలు వ్యతిరేకిస్తూ సంతకాలు చేశాయి. అమెరికా సెనేటర్లు లేఖలు రాశారు. 2020 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఐక్యాన్ కార్యాలయం ముందు నిరసన జరిగింది. ఏప్రిల్ 30న ఐక్యాన్ పాలకమండలి ఈ యాజమాన్య మార్పును తిరస్కరించింది. లాభాపేక్ష లేని రిజిస్ట్రీ లాభార్జన సంస్థ చేతికి వెళ్లడం, దానిపై 36 కోట్ల డాలర్ల రుణభారం పడటం చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి.

ఇక్కడ ప్రజల ఒత్తిడి గెలిచిందా? తేదీలు మరో అవకాశాన్నీ చూపుతాయి. ఏప్రిల్ 15న కాలిఫోర్నియా అటార్నీ జనరల్ జేవియర్ బెసెర్రా అమ్మకాన్ని ఆపాలంటూ లేఖ రాశారు. ఐక్యాన్ అదే రాష్ట్రంలో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ. అలాంటి సంస్థలపై పర్యవేక్షణాధికారం అటార్నీ జనరల్‌ది. పక్షం రోజుల్లో నిర్ణయం వెలువడింది. నిరసనలు లేకపోతే ఆ లేఖ వచ్చేదా అన్నది వేరే ప్రశ్న. రెండూ కలిసి పనిచేశాయనడం సహేతుకం. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేం. అమ్మకం ఆగినా, ధర పరిమితి మాత్రం ఒప్పందంలోకి తిరిగి రాలేదు.

తెలుగు లిపి నియమాలు

సంఖ్యతో దాదాపు సంబంధం లేని దారి మూడోది. అందులోనే తెలుగువారికి నేరుగా సంబంధించిన నిర్ణయం జరిగింది. రూట్ జోన్‌లో తెలుగు పేరు రావాలంటే ఏ అక్షరాలు ఏ వరుసలో చెల్లుతాయో ముందే నియమాలుండాలి. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, గురుముఖి, కన్నడ, మలయాళం, ఒడియా, తమిళం, తెలుగు అనే తొమ్మిది లిపులకు నియోబ్రాహ్మీ బృందం పేరుతో నిపుణులు స్వచ్ఛందంగా పనిచేశారు. తెలుగు ముసాయిదా 2018లో అభిప్రాయ సేకరణకు వచ్చింది, 2019 జూలైలో రూట్ జోన్ నియమాల మూడో సంచికలో చేరింది.

అందులో తేలిన విషయాలు చిన్నవి కావు. గ, ద, న, ర వంటి అక్షరాలు తెలుగు, కన్నడ లిపుల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరి పేరును మరో లిపిలో రాసి మోసం చేసే వీలుంది. అందుకే అలాంటి జంటలను పరస్పర రూపాంతరాలుగా గుర్తించారు: ఒక లిపిలో పేరు కేటాయిస్తే రెండోదానిలో అదే ఆకారమున్న పేరు మూసుకుపోతుంది. ఇక 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో ట్ తర్వాత వే విడిగా నిలవడానికి కంటికి కనిపించని ఒక విభజన సంకేతం వాడతాం. రూట్ జోన్‌లో దానికి చోటు లేదు. ఈ నిషేధం తెలుగు బృందం తీసుకున్నది కాదు. లిపులన్నిటికీ పైస్థాయిలో ముందే ఖాయమైన భద్రతా నియమం. తెలుగు ముసాయిదా బయటికొచ్చే నాటికి దానిపై ఎంతమంది రాసినా, ఆ దశలో మారడం కష్టం.

డాట్ ఇన్, డాట్ భారత్ పేర్ల సంగతి వేరు. 2011లో రూట్ జోన్‌లో చేరిన తెలుగు 'భారత్' సహా వాటి నిర్వహణ నిక్సీ అనే భారతీయ సంస్థది. వాటి విధానాలపై ఐక్యాన్‌కు రాసే లేఖ చేరాల్సిన చోటికి చేరదు.

ఏం చెప్పగలం, ఏం చెప్పలేం

ఐదు ఉదంతాలతో సూత్రం కట్టలేం. ఇవి బాగా చర్చకు వచ్చినవి. నిశ్శబ్దంగా సాగిపోయిన వందల అభిప్రాయ సేకరణలు ఈ పరిశీలనలో లేవు. స్పందనల సంఖ్యలో నకళ్లూ ఉంటాయి. పైగా ఐక్యాన్ అనువాదాలకు ప్రధానంగా ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషలే ఆధారం. వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. ఇంగ్లీషులో రాయగలిగినవారి మాటే లెక్కలోకి వచ్చిందన్న పక్షపాతం ఈ ఆధారాలన్నిటిలో ఉంది.

ఈ హద్దుల్లోనే రెండు విషయాలు చెప్పవచ్చు. వాదనలకు జవాబు చెప్పాల్సిన గ్రూపు ఉన్నచోట ప్రజల మాటకు బరువు పెరిగే అవకాశం కనిపించింది. అలాంటి గ్రూపు లేని ఒప్పందాల్లో సంఖ్య ఒంటరిగా నిలవలేదు. సమీక్షా ప్యానెల్, అటార్నీ జనరల్ వంటి బయటి అధికారం తోడైనప్పుడే కదలిక వచ్చింది. 2026లో కొత్త టాప్ లెవెల్ డొమైన్లకు దరఖాస్తులు తీసుకోవాలని ఐక్యాన్ నిర్ణయించింది. ఒక్కో దరఖాస్తు రుసుము 2,27,000 డాలర్లు. ఆ మొత్తం పెట్టి తెలుగు పేరు కోరేవారు కొద్దిమందే కావచ్చు. ఆ పేర్లను వాడేవారు, వాటి నియమాలకు లోబడేవారు అంతకంటే చాలా ఎక్కువమంది. వారి తరఫున మాట్లాడదలచిన తెలుగు సంఘాలు, భాషా నిపుణులు సంతకాలు పోగుచేసే ముందు మూడు సంగతులు తేల్చుకోవడం మేలు: నిర్ణయం ఏ దారిలో ఉంది, పైస్థాయి నియమం ఇప్పటికే ఖాయమైందా, జవాబు రాయాల్సింది ఎవరు.