పాట ఆగిన పిట్ట, పలకని పుట్టగొడుగు

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అని బడిలో చదువుకున్నాం. అడవిలో ఒక ప్రాణి లేకుండా పోవడమూ చరిత్రే. దూరదేశపు రెండు కథలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

పసిఫిక్ సముద్రంలో హవాయి దీవులున్నాయి. వాటిలో కవాయి అనే దీవిలో ఓఓ అనే నల్లని పిట్ట ఉండేది. దాని కూతనే అక్కడి ఆదివాసులు పేరుగా పెట్టారు. హవాయిలో ఒకప్పుడు దోమ లేదు. 1826లో ఓడ నీటి పీపాల్లో వచ్చింది. దానివల్ల పిట్టలకు మలేరియా సోకింది. బయటి నుంచి వచ్చిన ఎలుకలు గూళ్ళలో గుడ్లు తిన్నాయి. అడవులూ తరిగాయి. దోమలు తక్కువగా ఉండే అలకాయి కొండ అడవిలోనే ఓఓ మిగిలింది. చివరికి ఒక్క జంట. 1982 తుపాను తర్వాత ఆడపిట్ట కనిపించలేదు. మగపిట్ట పాట చివరిసారి వినిపించింది 1987లో. ఆ పాట ఇప్పుడు రికార్డుల్లోనే ఉంది. 2023లో అమెరికా ప్రభుత్వం ఓఓ అంతరించిందని ప్రకటించింది.

రెండోది ఇటలీలోని సిసిలీ దీవి కథ. అక్కడి మదోనియె కొండల మీద, వసంతంలో, కొత్తిమీర కుటుంబానికి చెందిన ఒక అడవి మొక్క వేళ్ళ దగ్గర తెల్లని పుట్టగొడుగు మొలుస్తుంది. రుచి ఎక్కువ, ధర ఎక్కువ. అందుకే విచ్చుకోకముందే కోసేస్తారు. విచ్చుకోనిది బీజాలు రాల్చదు. ఏడాదికి 250 కూడా ముదరడం లేదని 2006లో ఐయుసిఎన్ దాన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. 3 సెంటీమీటర్లకన్నా చిన్న గొడుగును కోయరాదని అక్కడి పార్కు నియమం. అడవి మీద భారం తగ్గించడానికి దాన్ని సాగు కూడా చేస్తున్నారు.

రెండింటికీ తేడా ఏమిటి? పిట్టను చంపినవి ఓడ దిగి వచ్చాయి. దోమ వచ్చాక దాన్ని వెనక్కి పంపడం ఎవరి చేతిలోనూ లేకపోయింది. పుట్టగొడుగుకు ముప్పు ఏరుకునే చేతి నుంచే. చెయ్యి ఆగితే అది బతుకుతుంది. కానీ పిట్ట పాట ఆగితే అడవి బోసిపోయిందని చెవికి తెలుస్తుంది. పుట్టగొడుగు పలకదు. ఏటా అదే చోటికి వెళ్ళి చూసేవాళ్ళకే దాని లేమి తెలుస్తుంది.

అలా చూసేవాళ్ళం మనమే. తొలకరికి పుట్టల మీద లేచే పుట్టకొక్కులను మనమూ ఏరుతాం. ఏది ఏ చోట, ఏ వానకు లేస్తుందో మన అమ్మలకు, అవ్వలకు తెలుసు. వాటికి మన భాషల్లో పేర్లున్నాయి. ఆ పేర్లు, చోట్లు, లేచిన రోజులు పిల్లలచేత ఏటా రాయించమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. ఒక ఏడు ఏదైనా లేవకపోతే ఆ నోటుబుక్కే ముందుగా చెబుతుంది. అప్పటికి కొన్నయినా విచ్చుకోవడానికి వదిలిపెట్టే వ్యవధి మనకు ఉంటుంది.