రైలు టికెట్ల కోసం పుట్టిన పులులు

జపాన్‌లో ఒసాకా, కోబె నగరాల మధ్య 1905లో హాన్షిన్ కంపెనీ కరెంటు రైళ్లు నడపడం మొదలుపెట్టింది. పొద్దున పనులకు వెళ్లేవాళ్లు, సాయంత్రం ఇళ్లకు చేరేవాళ్లు ఎలాగూ ఎక్కుతారు. సెలవు రోజున పెట్టెలు నిండేదెలా? అక్కడి రైలు కంపెనీలన్నిటికీ ఇదే బెంగ. తర్వాతి కాలంలో హాంక్యూగా పేరుపడ్డ పోటీ కంపెనీ తకరజుకా అనే ఊళ్లో అమ్మాయిల నృత్యనాటక బృందాన్ని పెట్టింది, టొయొనాకాలో బేస్‌బాల్ మైదానం కట్టింది. బడిపిల్లల జాతీయ బేస్‌బాల్ పోటీలు 1915లో అక్కడే మొదలయ్యాయి. రెండేళ్లకల్లా హాన్షిన్ వాళ్లు ఆ పోటీలను తమ దారిలో ఉన్న నరువో మైదానానికి తరలించుకుపోయారు.

ఇవాళ హాన్షిన్ టైగర్స్ అంటే ప్రాణం పెట్టే లక్షలాది కుటుంబాల చరిత్ర ఈ టికెట్ల లెక్క దగ్గరే మొదలవుతుంది. టీమును పుట్టించింది కంపెనీ. దాన్ని తమదిగా చేసుకున్నది జనం. కంపెనీ అనుకోనివి, అడగనివి ఎన్నో వాళ్లు దానికి తెచ్చిపెట్టారు. ఈ కథలో నన్ను కట్టిపడేసేది అదే.

నరువోలో జనం పట్టక మైదానంలోకి పొర్లిరావడంతో పెద్ద స్టేడియం తప్పనిసరైంది. ముకో నది పాయను పూడ్చిన నేల మీద, ఐదు నెలలు కూడా పట్టకుండా కట్టేసి 1924 ఆగస్టు 1న తెరిచారు. మనకు ప్రభవతో మొదలయ్యే అరవై ఏళ్ల చక్రం లాంటిదే వాళ్లకూ ఉంది. ఆ చక్రంలో తొలి ఏడాది కావడంతో స్టేడియానికి ఆ సంవత్సరం పేరే పెట్టి కోషియెన్ అన్నారు. వేసవిలో తెల్లచొక్కాలతో నిండిపోయిన ఎత్తైన స్టాండు ఒకమోతో ఇప్పెయ్ అనే కార్టూనిస్టుకు మంచుకొండలా కనిపించింది. ఆయన బొమ్మ గీసి ఆల్ప్స్ అన్నాడు. ఇప్పటికీ అది ఆల్ప్స్ స్టాండే.

గుంపుగా కూడి అరిచే అలవాటు మాత్రం అంతకు ముందుదే. టోక్యోలోని వసేదా, కెయో విశ్వవిద్యాలయాలు 1903లో తొలిసారి తలపడ్డాయి. 1906 నాటికి రెండు పక్షాల విద్యార్థుల ఆవేశం ఎంత ముదిరిందంటే, పోటీనే ఆపేయాల్సివచ్చింది. మళ్లీ జరగడానికి 1925 దాకా పట్టింది. జెండాలు, ఒకే గొంతుతో నినాదాలు, ముందు నిలబడి నడిపించే నాయకుడు, ఇవన్నీ కాలేజీ ఆటల నుంచి వచ్చినవే. అలాంటి దళాన్ని ఓయెన్‌దాన్ అంటారు.

వృత్తి ఆటగాళ్ల టీములకు ఊపు తెచ్చింది బేబ్ రూత్. యొమియురి పత్రిక ఆహ్వానంతో 1934లో అమెరికా మేటి ఆటగాళ్లతో కలిసి వచ్చి ఆయన కోషియెన్‌లో కూడా ఆడాడు. ఆ పర్యటన చివరికి టోక్యోలో ఇప్పటి యొమియురి జెయింట్స్ పుట్టింది. మైదానం చేతిలో ఉన్న హాన్షిన్ ఊరుకుంటుందా? 1935 డిసెంబరులో ఒసాకా టైగర్స్‌ను, అంటే ఇవాళ్టి హాన్షిన్ టైగర్స్‌ను, స్థాపించింది. వెంటనే హాంక్యూ, 1938లో నాన్‌కాయ్, యుద్ధం తర్వాత కింతెత్సు, ఇలా రైలు కంపెనీలన్నీ తలా ఒక టీము పెట్టాయి.

టైగర్స్‌కు 1936లోనే ఒక పాట రాయించారు. రొక్కో కొండ మీది నుంచి దిగివచ్చే చలిగాలి పేరుతో అది మొదలవుతుంది, అందుకే అందరూ దాన్ని రొక్కో ఒరోషి అంటారు. స్వరకర్త కొసెకి యూజి. బద్ధశత్రువైన జెయింట్స్ ఇప్పుడు పాడుకునే పాటకూ, కోషియెన్‌లో బడిపిల్లల వేసవి పోటీల గీతానికీ బాణీ కట్టింది ఆయనే. టైగర్స్ పాట ఇంటింటికీ చేరడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. 1971లో ఒసాకా రేడియోలో పొద్దుటి కార్యక్రమం నడిపిన నకమురా ఎయిచి, ముందురోజు టైగర్స్ గెలిస్తే మైకు ముందు గొంతెత్తి ఆ పాట పాడేవాడు. టీ తాగుతూ, బడికి సిద్ధమవుతూ విన్న పిల్లలకు అది నోటికి వచ్చేసింది. కోబె కేంద్రంగా 1969లో మొదలైన సన్ టీవీ ఇంకో పని చేసింది. పెద్ద చానళ్లు వార్తల వేళకు ఆటను మధ్యలో కోసేస్తుంటే, ఇది ఎంత రాత్రయినా చివరి బంతిదాకా చూపించింది. అభిమానం పెరగడంలో గెలుపుల కన్నా ఈ రెండిటి పాత్రే ఎక్కువని నా నమ్మకం, ఎందుకంటే చెప్పుకోడానికి గెలుపులు ఎక్కువ లేవు.

1959 జూన్ 25న చక్రవర్తి హిరోహితో టోక్యోలో ఆట చూడడానికి వచ్చాడు. స్కోరు 4-4. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టైగర్స్ పిచ్చర్ మురాయామా మినోరు వేసిన బంతిని జెయింట్స్ వీరుడు నగషిమా షిగెవో ఎడమవైపు స్టాండ్‌లోకి కొట్టాడు. హోమ్‌రన్ అన్నారు, ఆట ముగిసింది. అది గీత అవతల పడిన ఫౌల్ బంతి అని మురాయామా చనిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఒసాకాలో ఆ మాటను నమ్మినవాళ్లకు కొదవలేదు. 1964లో లీగ్ గెలిచి, రెండు లీగ్‌ల విజేతలు తలపడే జపాన్ సిరీస్‌కు చేరితే, అక్కడ పక్కవీధి టీము లాంటి నాన్‌కాయ్ హాక్స్ 4-3తో ఓడించింది. 1973లో లీగ్ ఆఖరి ఆట కోషియెన్‌లోనే, జెయింట్స్‌తోనే, గెలిచినవాళ్లదే టైటిల్. టైగర్స్ 9-0తో చిత్తయ్యారు. జెయింట్స్‌కు అది వరసగా తొమ్మిదో టైటిల్. కడుపుమండిన జనం మైదానంలోకి దూకారు.

ఇక 1985. ఏప్రిల్ 17, కోషియెన్, ఏడో ఇన్నింగ్స్, జెయింట్స్ మీద 1-3తో వెనకబడి ఉన్నారు. అమెరికన్ రాండీ బాస్ కొట్టిన బంతి సెంటర్ వెనకాల నల్లతెర దిక్కుగా వెళ్లి పడింది, మూడు పరుగులు. తర్వాత వచ్చిన కకెఫు మసయుకి అటే కొట్టాడు. ఆ వెంటనే ఒకాడా అకినొబు కూడా. అభిమానులకు ఆ ఏడాది అక్కడే మొదలైంది. బాస్ 54 హోమ్‌రన్‌లు కొట్టాడు. అక్టోబరు 16న లీగ్ టైటిల్ ఖాయమైన రాత్రి ఒసాకాలో దోతొంబొరి కాలువ మీది వంతెన జనంతో నిండిపోయింది. ఒక్కో ఆటగాడి పేరు పిలవడం, వాడి పోలికలున్నవాడు కాలువలోకి దూకడం. బాస్ పేరు వచ్చేసరికి గడ్డం ఉన్న తెల్లవాడు దొరకలేదు. పక్కనే ఉన్న కెంటకీ చికెన్ దుకాణం ముందు నిలబెట్టిన కల్నల్ శాండర్స్ బొమ్మను ఎత్తి నీళ్లలో పడేశారు. నవంబరులో టైగర్స్ తొలిసారి జపాన్ సిరీస్ గెలిచారు.

ఆ తర్వాత 1987 నుంచి 2001 వరకు పదిసార్లు అట్టడుగు స్థానమే. కల్నల్ శాపమని జనం చెప్పుకున్నారు. 2009లో కాలువ ఒడ్డున పనులు జరుగుతున్నప్పుడు బొమ్మ బయటపడింది, కళ్లజోడు, ఎడమ చెయ్యి లేకుండా. శాపం సంగతి ఎలా ఉన్నా, ఆ చీకటి ఏళ్లలో అభిమానులు కూర్చునే కుడివైపు స్టాండు పాడటం మానలేదన్నది గట్టి నిజం. ప్రతి బ్యాటర్‌కూ ఒక పాట, ట్రంపెట్, డోలు, రెండు చేతుల్లో ప్లాస్టిక్ కర్రల చప్పుడు. అవతలివాళ్లు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ నిశ్శబ్దంగా కూర్చుని, మనవాళ్లు రాగానే మళ్లీ లేచి నిలబడతారు. ఏడో ఇన్నింగ్స్‌లో వేలకొద్దీ పొడుగాటి బెలూన్లు ఈలవేస్తూ పైకి లేచేవి, 2020లో కరోనాతో ఆగేదాకా.

టీము ఎవరిదన్న ప్రశ్న 2005లో నేరుగా ఎదురైంది. హాన్షిన్ రైల్వే వాటాలు కొన్న మురకామి ఫండ్, టైగర్స్‌ను స్టాక్ మార్కెట్లో పెట్టమంది. అభిమానులు భగ్గుమన్నారు. మార్కెట్లోకి వెళ్లలేదు గానీ, మరుసటి ఏడాది రైల్వే సంస్థే పాత పోటీదారు హాంక్యూతో కలిసిపోయింది. అప్పటికి హాంక్యూ, నాన్‌కాయ్ తమ టీములను 1988లోనే అమ్మేశాయి, కింతెత్సు టీము 2004లో మాయమైంది. ఒసాకా-కోబె రైలు టీముల్లో రైలు కంపెనీ చేతిలోనే మిగిలింది టైగర్స్ ఒక్కటే. అమ్మేస్తే ఊరు ఊరంతా రోడ్డెక్కుతుందని కంపెనీకి తెలుసు.

2023లో మేనేజర్‌గా వచ్చింది ఆనాటి మూడో హోమ్‌రన్ వీరుడు ఒకాడానే. టైటిల్ అన్న మాట నోట రానివ్వకుండా ఏడాదంతా "అది" అంటూ గడిపాడు. సెప్టెంబరు 14న లీగ్ టైటిల్ తేల్చే ఆటలో ఆఖరి ఇన్నింగ్స్ వేయడానికి వచ్చిన పిచ్చర్ ఇవజకి, తన పాటకు బదులు యొకొతా షింతరో పాట పెట్టించుకున్నాడు. యొకొతా ఆ టీము ఆటగాడే, మెదడు కణితితో కంటిచూపు దెబ్బతిని ఆట మానుకుని, రెండు నెలల కిందట 28 ఏళ్లకే చనిపోయాడు. స్టేడియం మొత్తం ఆ పాట అందుకుంది. గెలిచాక ఒకాడాతోపాటు యొకొతా జెర్సీని కూడా గాల్లోకి ఎగరేశారు. జపాన్ సిరీస్‌లో ఎదురుపడింది ఓరిక్స్ బఫెలోస్, అంటే ఒకనాటి హాంక్యూ, కింతెత్సు టీముల వారసులు. 4-3తో గెలిచి, 38 ఏళ్ల తర్వాత "అది" సాధించారు.

2025లో ఫుజికావా క్యూజి మేనేజర్‌గా టైగర్స్ సెప్టెంబరు 7నే లీగ్ టైటిల్ ఖాయం చేసుకున్నారు. సెంట్రల్ లీగ్‌లో అంత త్వరగా ఎవరూ గెలవలేదు. జపాన్ సిరీస్‌లో మాత్రం సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్ చేతిలో ఓడిపోయారు. ఆ హాక్స్ మరెవరో కాదు, చేతులు మారి ఫుకువోకా చేరిన నాన్‌కాయ్ టీమే. 1964 బాకీ ఇంకా అలాగే ఉంది.